ఒకే ఇంటరప్ట్ లైను, ఇద్దరు డ్రైవర్లు: లైనక్స్‌లో ఆడియో ఎందుకు తెగుతుంది

లైనక్స్‌లో రికార్డింగ్ చేసేవాళ్లకు బాగా పరిచయమైన చిక్కు ఒకటుంది. ప్రాసెసర్ వాడకం పది శాతం కూడా దాటదు, మెమరీ సగం ఖాళీగానే ఉంటుంది, అయినా హెడ్‌ఫోన్‌లో ఉండుండి చిటపటమంటుంది. ఆడియో ప్రోగ్రాములను కలిపి నడిపే జాక్ సర్వర్ 'ఎక్స్‌రన్' (గడువు తప్పింది అని అర్థం) అని ఒక లైను రాసి ఊరుకుంటుంది. అప్పుడు ఎవరిని అడిగినా ముందుగా వచ్చే సలహా ఒకటే: సౌండ్ కార్డు తన ఐఆర్‌క్యూని, అంటే ప్రాసెసర్‌ని పిలిచే ఇంటరప్ట్ లైనుని, ఇంకో పరికరంతో పంచుకుంటోందేమో చూడండి అని. సలహాలో తప్పు లేదు. కానీ పంచుకోవడమే నేరమని తేల్చేస్తే అసలు కారణం అలాగే ఉండిపోతుంది. చూడాల్సింది లైను పంచుకుంటున్నారా లేదా అన్నది కాదు, ఆ లైను మీద రెండోవాడు ఏం చేస్తున్నాడు, ఎంతసేపు చేస్తున్నాడు అన్నది.

ముందు గడువు లెక్క చూద్దాం. సెకనుకు 48,000 శాంపిళ్ల వేగంతో, 64 ఫ్రేముల పీరియడ్ (కార్డు ఒక్క విడతలో చూసే ఆడియో ముక్క) పెట్టుకుంటే ఒక్కో పీరియడ్ వ్యవధి 1.33 మిల్లీసెకన్లు. 256 పెడితే 5.33, 1024 పెడితే 21 మిల్లీసెకన్ల పైచిలుకు. పీరియడ్ పూర్తయిన ప్రతిసారీ కార్డు ఒక ఇంటరప్ట్ ఇస్తుంది. ప్రాసెసర్ చేస్తున్న పని ఆపి డ్రైవర్ హ్యాండ్లర్‌ని, అంటే ఆ పిలుపుకి బదులిచ్చే కోడ్‌ని, నడపాలి, లైనక్స్ గుండెకాయ అయిన కెర్నల్‌లో ఆడియో చూసుకునే ఆల్సా అనే భాగం జాక్‌ని నిద్ర లేపాలి, జాక్ తనకు కలిపి ఉన్న సింథ్‌లు, ఎఫెక్ట్‌లు అన్నిటినీ ఒక చుట్టు తిప్పాలి, వచ్చిన ఫలితాన్ని బఫర్‌లో పెట్టాలి. ఇదంతా తర్వాతి పీరియడ్ ముగిసేలోపు జరగాలి. సగటున ప్రాసెసర్ ఎంత ఖాళీగా ఉందన్నది ఇక్కడ పనికిరాని ప్రశ్న. గంటసేపు అంతా సవ్యంగా నడిచి ఒక్కసారి రెండు మిల్లీసెకన్లు ఆలస్యమైతే చాలు, ఆ టేకు పాడైనట్టే.

ఈ బాధ అందరికీ ఉండదు. పాటలు వినడానికో వీడియోలు చూడటానికో వాడే కంప్యూటర్‌లో సౌండ్ సర్వర్లైన పల్స్‌ఆడియో గానీ పైప్‌వైర్ గానీ మామూలుగా పెద్ద బఫర్ పెట్టుకుని, సిస్టమ్ టైమర్‌ని చూసుకుంటూ దాన్ని నింపుతాయి. కార్డు ఇచ్చే ఇంటరప్ట్ మీద పెద్దగా ఆధారపడవు. జాక్ అలా కాదు, కార్డు పిలుపు కోసమే కాచుకుని ఉంటుంది. పైప్‌వైర్‌లో ప్రో ఆడియో ప్రొఫైల్ ఎంచుకున్నా ఇదే పద్ధతి. అంటే ఇంటరప్ట్ గురించి పట్టించుకోవాల్సింది చిన్న బఫర్‌తో లైవ్‌గా వాయించేవాళ్లు, రికార్డ్ చేసేవాళ్లు. మిగతావాళ్లకు చిటపటలు వస్తే కారణం దాదాపు ఎప్పుడూ వేరే ఉంటుంది.

లైను పంచుకోవడం ఎందుకు మొదలైందో తెలిస్తే అది తప్పో ఒప్పో అర్థమవుతుంది. పాత పీసీల్లో రెండు 8259 చిప్‌లు కలిసి 16 ఇంటరప్ట్ లైన్లు ఇచ్చేవి. రెండో చిప్‌ని మొదటిదానికి కలపడానికే ఒకటి పోయేది, మిగిలినవి 15. వాటిలో టైమరు, కీబోర్డు, డిస్కు, సీరియల్ పోర్టులు తలా ఒకటి తీసుకునేవి. ఆ పీసీల్లో కార్డులు తగిలించే ఐఎస్ఏ బస్సులో ఇంటరప్ట్ అంటే లైను మీద వోల్టేజి ఒక్కసారి పైకి లేవడం మాత్రమే. రెండు కార్డులు ఒకేసారి పిలిస్తే ఒకరి పిలుపు ఇంకొకరి పిలుపులో కలిసిపోయేది. అందుకే అక్కడ పంచుకోవడం కుదిరేది కాదు. సౌండ్ బ్లాస్టర్‌ని 7వ లైను మీద పెడితే ప్రింటర్ పోర్టుతో గొడవ, అందుకని 5కి మార్చుకోవడం ఆ రోజుల్లో మామూలు. ఐఆర్‌క్యూ పంచుకుంటే ప్రమాదం అనే భయం ఆ కాలం నుంచే వచ్చింది, కాలం మారినా భయం మాత్రం పోలేదు.

ఐఎస్ఏ తర్వాత వచ్చిన పీసీఐ బస్సు ఈ పద్ధతినే మార్చేసింది. అందులో పరికరం లైనుని పట్టుకుని ఉంచుతుంది, డ్రైవర్ వచ్చి పని చూసి 'అయింది' అని చెప్పేదాకా వదలదు. కాబట్టి ఇద్దరు ఒకేసారి పిలిచినా ఎవరి పిలుపూ పోదు. పంచుకోవడం అక్కడ పొరపాటు కాదు, ముందే అనుకుని చేసిన ఏర్పాటు. పిన్నులు నాలుగే, వాటిని స్లాట్ స్లాట్‌కీ ఒక్కో గడి జరిపి కలుపుతారు, కార్డుని పక్క స్లాట్‌లోకి మారిస్తే దాని పొరుగువాడు మారిపోయేది అందుకే. ఇంటెల్ చిప్‌సెట్లలో ఈ లైన్లు చివరికి 16 నుంచి 23 వరకు ఉన్న నంబర్ల మీదకు చేరతాయి. ఎవరి జాబితా చూసినా 16వ ఐఆర్‌క్యూ మీద ఇద్దరు ముగ్గురు కనబడటానికి కారణం ఇదే.

ఆ తర్వాత పీసీఐ 2.2తో ఎంఎస్ఐ (మెసేజ్ సిగ్నల్డ్ ఇంటరప్ట్) వచ్చింది. ఇందులో లైనే ఉండదు. పరికరం ఒక చిరునామాకు చిన్న సందేశం రాస్తుంది, అదే ఇంటరప్ట్. ఎవరి సందేశం వాళ్లదే కాబట్టి పంచుకోవాల్సిన పనే రాదు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ పరికరాలు ఎక్కువగా దీన్నే వాడతాయి. పాత నాలుగు పిన్నుల పద్ధతి ఇంకా బతికే ఉంది, కాకపోతే ఇప్పుడది నిజమైన తీగ కాదు, బస్సు మీద వెళ్లే సందేశాలతో చేసే అనుకరణ.

ఇక పంచుకున్న లైను మీద కెర్నల్ ఏం చేస్తుందో చూద్దాం. లైను మోగింది. పిలిచింది ఎవరో లైనుని చూసి చెప్పే దారి లేదు. ఆ లైను మీద నమోదైన హ్యాండ్లర్లన్నిటినీ, నమోదైన వరుసలో, ఒకదాని తర్వాత ఒకటి పిలుస్తుంది. ఒక్కొక్కటీ తన పరికరం స్టేటస్ రిజిస్టర్ చదివి 'నాదే' అనో 'నాది కాదు' అనో చెబుతుంది. మొదటివాడు నాదే అన్నా కెర్నల్ అక్కడితో ఆగదు, మిగతావాళ్లనీ అడుగుతుంది, ఇద్దరూ ఒకేసారి పిలిచి ఉండొచ్చు కదా.

దీనికయ్యే ఖర్చు ఎంత? పరికరం రిజిస్టర్ చదవడం మెమరీ చదివినంత తేలిక కాదు, జవాబు వచ్చేదాకా ప్రాసెసర్ ఆగాలి. అయినా మైక్రోసెకను అటూ ఇటూ. 1,330 మైక్రోసెకన్ల గడువులో ఒకటో రెండో మైక్రోసెకన్లు పోతే చెవికి తెలియదు. పొరుగువాడు ఊరికే కూర్చుని 'నాది కాదు' అని మాత్రమే చెబుతుంటే నష్టం ఇంతకు మించదు. మదర్‌బోర్డులో సెన్సర్లలాంటి చిన్న భాగాలతో మాట్లాడే ఎస్ఎంబస్ కంట్రోలర్‌తో లైను పంచుకుంటున్న సౌండ్ కార్డుని చూసి కంగారుపడి స్లాట్లు మార్చేవాళ్లు చాలావరకు అనవసరంగా శ్రమపడుతున్నారు.

నష్టం చేసే పొరుగువాళ్లు వేరు. హ్యాండ్లర్‌లోనే బండెడు పని పెట్టుకునే డ్రైవర్ ఒక రకం. మామూలు కెర్నల్‌లో హ్యాండ్లర్ నడుస్తున్నంతసేపు ఆ ప్రాసెసర్ కోర్ మీద మిగతా ఇంటరప్ట్‌లన్నీ ఆగిపోతాయి. వరుసలో ముందున్న ఆ డ్రైవర్ 300 మైక్రోసెకన్లు తీసుకుంటే సౌండ్ కార్డు వంతు అంత ఆలస్యంగా వస్తుంది. విచిత్రం ఏమిటంటే, ఈ నష్టానికి లైను పంచుకోనవసరమే లేదు. వేరే లైను మీద ఉన్నా ఒకే కోర్ మీదకు వస్తే ఇదే ఆలస్యం. ఈ తేడా పట్టుకోకుండా స్లాటు మార్చి, ఫలితం రాక నిరాశపడేవాళ్లు చాలామంది ఉంటారు.

వాగుడుకాయ పొరుగువాడు ఇంకో రకం. ఒక్కో పని చిన్నదే, కానీ సెకనుకు వేలసార్లు మోగిస్తాడు. అతను మోగించిన ప్రతిసారీ సౌండ్ డ్రైవర్ కూడా లేచి తన రిజిస్టర్ చూసుకుని 'నాది కాదు' అనాలి. ఇది చాలా ఎక్కువైతే తప్ప ఎక్స్‌రన్ దాకా వెళ్లదు.

మూడో రకం అరుదు, కానీ వచ్చిందంటే కథ ముగిసినట్టే. ఏదో పరికరం లైనుని పట్టుకుని వదలదు, నాది అనే డ్రైవరూ లేడు. లక్ష ఇంటరప్ట్‌లు వచ్చేసరికి అందులో 99,900 కంటే ఎక్కువ అనాథలుగా తేలితే కెర్నల్ విసిగిపోయి, ఎవరూ పట్టించుకోలేదని లాగ్‌లో రాసి, ఆ లైనునే మూసేస్తుంది. అదే లైను మీదున్న సౌండ్ కార్డు ఏ తప్పూ చేయకుండానే దెబ్బ తింటుంది. ఆడియో ఉన్నట్టుండి పూర్తిగా ఆగిపోయి, రీబూట్ చేస్తే కాసేపు బాగుండి మళ్లీ పోతుంటే కెర్నల్ లాగ్ చూపించే డీమెసేజ్‌లో ఈ సందేశం కోసం వెతకాలి.

ఆడియో కోసం లైనక్స్‌ని సరిచేసేవాళ్లు ఎక్కువగా ఆశ పెట్టుకునేది థ్రెడ్ ఇంటరప్ట్‌ల మీద. హ్యాండ్లర్‌ని మామూలు థ్రెడ్‌లాగా, అంటే కెర్నల్ వంతులవారీగా నడిపే పనిలాగా, నడిపే ఏర్పాటు 2009లో 2.6.30 కెర్నల్‌లోకి వచ్చింది. బూట్ చేసేటప్పుడు 'థ్రెడ్‌ఐఆర్‌క్యూస్' అనే మాట చేర్చి దాదాపు అన్ని హ్యాండ్లర్లనూ అలా మార్చే వీలు 2011లో 2.6.39తో కలిగింది. ఏళ్ల తరబడి విడి ప్యాచ్‌గా తిరిగిన రియల్‌టైమ్ కెర్నల్, అంటే ప్రీయెంప్ట్ ఆర్‌టీ, 2024లో 6.12తో ప్రధాన కెర్నల్‌లో భాగమైంది. అందులో ఈ థ్రెడ్ పద్ధతి తప్పనిసరి.

దీనివల్ల లాభం ఏమిటంటే ప్రతి హ్యాండ్లర్‌కీ ప్రయారిటీ ఇవ్వొచ్చు. ఇంటరప్ట్ థ్రెడ్లన్నీ మొదట 50 ప్రయారిటీతో పుడతాయి. సౌండ్ కార్డు థ్రెడ్‌ని 90కి పెంచి, జాక్‌ని దానికి కాస్త కింద పెట్టి, మిగతావాటిని అలాగే వదిలేస్తే నెట్‌వర్క్ కార్డు, డిస్కు తమ వంతు కోసం ఆగుతాయి. 'ఆర్‌టీఐఆర్‌క్యూ' అనే స్క్రిప్ట్ చేసే పని ప్రధానంగా ఇదే. కార్డుకి సొంత ఇంటరప్ట్ ఉంటే ఇది చక్కగా పనిచేస్తుంది.

పంచుకున్న లైను దగ్గరే మెలిక ఉంది, దీని గురించి చెప్పేవాళ్లు తక్కువ. లైను మోగగానే కెర్నల్ దాన్ని మూసేస్తుంది, ఆ లైను మీదున్న థ్రెడ్లన్నిటినీ లేపుతుంది. సౌండ్ థ్రెడ్ ప్రయారిటీ ఎక్కువ కాబట్టి ముందు అదే నడిచి పని ముగిస్తుంది. అయినా లైను తెరుచుకోదు. పొరుగువాడి థ్రెడ్ కూడా లేచి, తన రిజిస్టర్ చూసుకుని, పని అయిందనో తనది కాదనో చెప్పాకే, అంటే ఆఖరి థ్రెడ్ ముగిశాకే, కెర్నల్ మళ్లీ తెరుస్తుంది. తప్పదు కూడా: పిలిచినవాడు పొరుగువాడే అయి ఉంటే, అతని పని కాకముందు లైను తెరిస్తే అది తక్షణం మళ్లీ మోగుతుంది, ఎప్పటికీ ఆగదు.

దీని పర్యవసానం ఒకసారి లెక్క వేసి చూడాలి. సౌండ్ థ్రెడ్ 90, జాక్ 70, అదే లైను మీదున్న యూఎస్‌బీ కంట్రోలర్ థ్రెడ్ 50 అనుకుందాం, ముగ్గురూ ఒకే కోర్ మీద ఉన్నారనుకుందాం. సౌండ్ థ్రెడ్ పని ముగించి జాక్‌ని లేపుతుంది. జాక్ బరువైన ఎఫెక్ట్‌లతో 1.2 మిల్లీసెకన్లు నడుస్తుంది. అంతసేపూ 50 ప్రయారిటీ ఉన్న యూఎస్‌బీ థ్రెడ్‌కి వంతు రాదు, కాబట్టి లైను మూసే ఉంటుంది. తర్వాతి పీరియడ్ 1.33 దగ్గర మోగాలి. జాక్ ఇంకాస్త ఎక్కువ తీసుకున్నా, ఆ యూఎస్‌బీ థ్రెడ్‌కి నిజంగానే చేయాల్సిన పని ఉన్నా, కార్డు పిలుపు తలుపు దగ్గరే నిలబడిపోతుంది. పిలుపు పోదు, ఆలస్యమవుతుంది. ఆడియోకి రెండూ ఒకటే. ప్రయారిటీ పెంచుకున్న సౌండ్ కార్డు చివరికి తక్కువ ప్రయారిటీ ఉన్న పొరుగువాడి దయ మీద ఆధారపడాల్సి వస్తుంది.

అందుకే పంచుకున్న లైను మీద ఒక్క సౌండ్ థ్రెడ్‌ని పైకెత్తి ఊరుకోవడం అరకొర పని. పొరుగు థ్రెడ్‌ని కూడా జాక్‌ కంటే పైన పెట్టాలి, లేదా లైను వచ్చే కోర్‌ వేరు, జాక్ నడిచే కోర్‌ వేరు చేయాలి. మొదటి దారిలో ఆ పొరుగువాడు బద్ధకస్తుడైతే కొత్త తలనొప్పి. కోర్లు ఎక్కువున్న ఈ రోజుల్లో రెండోదే మేలు. ప్రతి ఐఆర్‌క్యూకీ ఏ కోర్ మీదకు రావాలో ప్రాక్ ఫైల్‌సిస్టమ్‌లో (/proc) రాసిపెట్టే వీలుంది. ఇంటరప్ట్ థ్రెడ్ ఆ మాటే వింటుంది. ఒక్క జాగ్రత్త: ఇంటరప్ట్‌లను కోర్ల మధ్య పంచే ఐఆర్‌క్యూబ్యాలెన్స్ అనే ప్రోగ్రాం నడుస్తుంటే అది మన ఏర్పాటుని తనకు తోచినట్టు మార్చేయగలదు, దానికి ఈ లైను జోలికి పోవద్దని చెప్పాలి. లైను మొత్తానికి ఒకటే ఏర్పాటు, పంచుకుంటున్న ఇద్దరినీ చెరో కోర్‌కి పంపడం మాత్రం సాధ్యం కాదు.

అసలు పంచుకుంటున్నారో లేదో చూడటం నిమిషం పని. ప్రాక్‌లో ఉన్న ఇంటరప్ట్స్ ఫైల్ తెరిస్తే ఒక్కో వరుసకి ఒక్కో ఐఆర్‌క్యూ, ఒక్కో కోర్‌కి ఒక నిలువు గడి, చివర డ్రైవర్ల పేర్లు. వరుసలో ఐఓ ఏపిక్ (లైన్లను చూసుకునే ఇంటరప్ట్ కంట్రోలర్) అని ఉండి చివర కామాలతో రెండు మూడు పేర్లుంటే పంచుకున్న లైను. పీసీఐ ఎంఎస్ఐ అని ఉండి ఒకే పేరుంటే ఆ కార్డుకి ఆ బెడద లేదు, ఈ దిశలో ఇంకా వెతకనక్కర్లేదు.

పంచుకున్న లైను దొరికితే తర్వాతి మెట్టు అంకెలు. 64 ఫ్రేముల పీరియడ్‌తో 48,000 వేగానికి సౌండ్ కార్డు సెకనుకు 750 సార్లు పిలవాలి. 256 అయితే 187 లేదా 188. సెకను తేడాతో రెండుసార్లు ఫైల్ చూసి తీసివేస్తే ఆ వరుసలో ఎంత పెరిగిందో తెలుస్తుంది. 750 చుట్టుపక్కలే ఉంటే పొరుగువాడు నిద్రపోతున్నట్టు. 4,000 కనబడితే మిగతా 3,250 ఎవరివో ఆలోచించాలి. ఫైల్ లైను మొత్తం చెబుతుందే తప్ప ఎవరి వాటా ఎంతో చెప్పదు. అది కావాలంటే కెర్నల్ ట్రేస్ సదుపాయంలో ఇంటరప్ట్ హ్యాండ్లర్ మొదలైనప్పుడు, ముగిసినప్పుడు నమోదయ్యే ట్రేస్‌పాయింట్లు ఉన్నాయి. ఎవరు ఎంతసేపు నడిచారో, 'నాదే' అన్నారో 'కాదు' అన్నారో అన్నీ అందులో పడతాయి. ఊహలతో వారం గడపడం కంటే ఈ ట్రేస్ పది సెకన్లు తీయడం నయం.

విడదీయడానికి అన్నిటికంటే శుభ్రమైన మార్గం ఎంఎస్ఐకి మార్చడం. లోపలి సౌండ్ చిప్‌లకు వాడే హెచ్‌డీఏ ఇంటెల్ డ్రైవర్‌లో దీనికి ప్రత్యేకమైన ఆప్షన్ ఉంది. ఎంఎస్ఐతో ఇబ్బంది పెట్టిన కొన్ని మదర్‌బోర్డుల జాబితా ఆ డ్రైవర్‌లోనే ఉంటుంది, వాటికి అది తనంతట తానే ఆపేస్తుంది. ఎప్పుడో ఇంకేదో సమస్యకి బూట్ లైనులో ఎంఎస్ఐ వద్దని రాసి మరిచిపోయినవాళ్లు కూడా ఉంటారు, అదీ ఒకసారి చూసుకోవాలి. ఐస్ 1712 చిప్ ఉన్న పాత పీసీఐ కార్డుల్లాంటివాటికి ఈ మార్గం లేదు. వాటికి స్లాట్ మార్చడం, వాడని పరికరాన్ని బయాస్‌లో ఆపేయడం, లేదా పొరుగు డ్రైవర్‌ని ఆ పరికరం నుంచి విడదీయడం. ఆఖరిది రీబూట్ లేకుండా పరికరాల వివరాలుండే సిస్‌ఎఫ్‌ఎస్‌లో (/sys) పరికరం చిరునామా రాసి చేయొచ్చు కాబట్టి, ముందు అనుమానం నిజమో కాదో తేల్చుకోవడానికి అదే మంచి పరీక్ష. పొరుగువాణ్ని తీసేసినా చిటపటలు తగ్గకపోతే అతను నిర్దోషి.

యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ వాడేవాళ్లు ఇంటరప్ట్స్ ఫైల్‌లో తమ పరికరం పేరు వెతికితే దొరకదు. అక్కడ ఉండేది కంట్రోలర్ పేరు. ఇంటరప్ట్ ఆ కంట్రోలర్‌దే. దానికి తగిలించిన వెబ్‌క్యామ్, బయటి డిస్కు, మౌసు అన్నీ ఒకే హ్యాండ్లర్ గుండా వెళతాయి. ఫైల్‌లో ఒకే పేరు, పక్కన ఎంఎస్ఐ, చూడటానికి ఎంతో శుభ్రంగా ఉంటుంది, కానీ పంచుకోవడం అంతా దాని వెనక జరుగుతుంటుంది. ఎల్ఎస్‌యూఎస్‌బీ ఆదేశానికి చెట్టు రూపంలో చూపించమని చెబితే ఏ పరికరం ఏ కంట్రోలర్ కింద ఉందో బయటపడుతుంది. ఆడియో ఇంటర్‌ఫేస్‌కి విడిగా ఒక కంట్రోలర్ దొరికేలా పోర్టు ఎంచుకోవడం, పెద్ద ఫైళ్లు కాపీ చేసే డిస్కుని వేరే వైపు తగిలించడం ప్రయారిటీ సవరణల కంటే చాలాసార్లు ఎక్కువ పని చేస్తాయి.

ఇవన్నీ చేశాక కూడా చిటపటలు ఆగకపోతే సైక్లిక్‌టెస్ట్ నడపాలి. అది టైమర్ పెట్టుకుని, తను అనుకున్న సమయానికి ఎంత ఆలస్యంగా నిద్ర లేస్తోందో మైక్రోసెకన్లలో చెబుతుంది. అది సౌండ్ కార్డు లైనుని ముట్టుకోదు, అదే దాని ఉపయోగం. అందులో అంతా బాగుండి ఎక్స్‌రన్‌లు మాత్రం వస్తుంటే తప్పు కార్డు లైనులోనో, డ్రైవర్‌లోనో, లేదా గడువు దాటి లెక్కలు చేస్తున్న ఏ ప్లగిన్‌లోనో ఉంది. సైక్లిక్‌టెస్టే పెద్ద అంకెలు చూపిస్తే ఐఆర్‌క్యూ పంచుకోవడం గురించిన గొడవ పక్కన పెట్టేయొచ్చు. అప్పుడు చూడాల్సింది ప్రాసెసర్ గాఢ నిద్ర స్థితులు, వేగం తగ్గించే గవర్నర్. గాఢ నిద్ర నుంచి లేవడానికే వంద మైక్రోసెకన్ల పైన పట్టే ప్రాసెసర్లు ఉన్నాయి.

వాటిని ఆపినా పెద్ద అంకెలు పోకపోతే మిగిలేది ఎస్ఎంఐ. అది ఫర్మ్‌వేర్ తన పనుల కోసం, ఫ్యాను వేగమో వేడిమో చూసుకోవడానికి, ప్రాసెసర్‌ని లాక్కునే ఇంటరప్ట్. కెర్నల్‌కి చెప్పదు, ఇంటరప్ట్స్ ఫైల్‌లో కనబడదు, ఏ ప్రయారిటీకీ లొంగదు. కెర్నల్‌లో ఉన్న హార్డ్‌వేర్ లేటెన్సీ ట్రేసర్ మాత్రం, ఇంటరప్ట్‌లు ఆపేసి గడియారాన్ని చదువుతూ పోయి, మధ్యలో మాయమైన కాలాన్ని పట్టుకుంటుంది. అక్కడ మిల్లీసెకను దాకా ఖాళీలు కనిపిస్తే కెర్నల్ సెట్టింగులతో అయ్యే పని కాదు. బయాస్ అప్‌డేట్ చేసో, అందులో అనవసరమైన పవర్, యూఎస్‌బీ లెగసీ ఆప్షన్లు ఆపేసో చూడాలి. అదీ కుదరకపోతే ఆ యంత్రం మీద 64 ఫ్రేముల ఆశ వదులుకుని 256 పెట్టుకోవాలి.